మసకపడని నా ముఖం

నిరుడు నాకు టీబీ పూర్తిగా నయమయ్యాక, నా అనుభవాన్ని క్లినిక్ వెబ్‌సైట్‌లో పెడతామన్నారు డాక్టరుగారు. సైటు తయారుచేసే కోకాపేట ఐటీ అబ్బాయి, ఫొటోలో ముఖం మసకగా కనిపించడం ల్యాప్‌టాప్‌లో చూపిస్తే ఒప్పుకున్నాను. ఇరుగుపొరుగుకు నా జబ్బు సంగతి తెలియదు మరి.

తర్వాత చెకప్‌కు వెళ్తే, రిసెప్షన్‌లోని పాత కంప్యూటర్ తెర మీద తెరిచి ఉన్న ఆ సైటులో నా ముఖం అద్దంలో చూసినంత స్పష్టంగా ఉంది! పక్క కుర్చీలో మా అపార్ట్‌మెంట్ ఆంటీ.

"ఏందమ్మా, గా ఫొటోల ఉన్నది నువ్వే కదా?"

గబుక్కున చున్నీ ముఖం మీదికి లాక్కున్నాను.

అబ్బాయికి ఫోన్ చేస్తే, "అసలు ఫొటో మామూలుదేనండీ, మసక వేసి చూపించేది బ్రౌజరే. పాత బ్రౌజర్‌లో ఆ మసక పనిచేయదు. మా ఆఫీసులో అన్నీ కొత్తవే, చూసుకోలేదు" అన్నాడు.

ఇప్పుడు నేను లిఫ్టు ఎక్కితే ఆంటీ దిగిపోతుంది.

మీ పత్రికలో ఈ పాఠకుల పేజీకి రాసేవాళ్లు పేరు, ఫొటో జతచేయాలన్నారు. క్షమించండి, రెండూ పంపడం లేదు.