పెళ్లి గుర్రానికి బుడ్డల నూనె

1998 జూన్‌లో నన్ను ఆళ్లగడ్డ పశువైద్యశాలకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. హోదా పేరు ఘనంగానే ఉంటుంది. పనిలో ముప్పాతిక మాత్రం బర్రెలకు చూడి పరీక్షలు, గొర్రెలకు నట్టల మందు. గుర్రాన్ని కాలేజీ పరీక్షల్లో ముట్టుకున్నవాణ్ణి, ఆ తర్వాత దాని జోలికే పోలేదు.

శ్రావణంలో మొదటి ముహూర్తం నాడు మౌలాలి రొప్పుతూ ఆసుపత్రికి వచ్చాడు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని బాడుగకు తిప్పడం అతని బతుకుతెరువు. ఉన్నది ఒకే ఒక్క తెల్ల గుర్రం, పేరు రాణి. అది పెళ్లికొడుకును ఎక్కించుకుని నడిబజారులో బిగుసుకుపోయిందట. నేను వెళ్లేసరికి పెళ్లికొడుకు దిగి, తలపాగా సర్దుకుని, నడిచి వెళ్లిపోయాడు.

రాణి చెమటతో తడిసి ఉంది. తుంటి కండ తడిమితే బల్లను తడిమినట్టుంది. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. జనం దిష్టి అన్నారు, కడుపునొప్పి అన్నారు, నాలుగడుగులు నడిపించమన్నారు. అది కండరం దెబ్బతిని, అందులోని రంగు మూత్రంలోకి దిగే జబ్బు. నడిపిస్తే ఇంకా చెడుతుంది. ఎక్కడిదక్కడే నిలబెట్టి సెలైన్లు ఎక్కించి, నొప్పికి సూది వేశాను.

మేత సంగతి అడిగాను.

"ఆషాఢమంతా పెండ్లిండ్లు యాడుండాయి సార్? కట్టేసి, కడుపునిండా పెడ్తాండా," అన్నాడు మౌలాలి గర్వంగా.

పెట్టిందేమిటంటే రెండు పూటలా ఉడికించిన ఉలవలు, మీద బెల్లం గడ్డ. కొన్ని గుర్రాల కండరాలు పిండిపదార్థాన్నీ తీపినీ ఖర్చుపెట్టకుండా దాచుకుంటాయి. నెల రోజులు కూర్చోబెట్టి మేపి, ఒక్కసారిగా పనికి తోలితే బిగుసుకుపోతాయి. మౌలాలి ముద్దు చేసీ చేసీ దాని కాళ్లు కట్టేశాడన్నమాట. దీనికి వైద్యమంతా మేతలోనే ఉంది. ఉలవలు, బెల్లం మానేసి గడ్డి వేయాలి, బలానికి నూనె పట్టాలి, రోజూ నడిపించాలి.

కార్తీకంలో నంద్యాలలో ఒక పెద్ద పెళ్లికి అతను అప్పటికే మాటిచ్చి ఉన్నాడు. "ఆడ గూడా నిలబడిపాయెనంటే ఇంగ నన్నెవరూ పిలవరు సార్. దీన్ని అమ్ముకుని డోన్‌లో లారీలు కడుక్కోవాల్సిందే," అన్నాడు. అంటూ రాణి మెడ నిమురుతూనే ఉన్నాడు. నాకు జాలేసింది.

ఇక ఏ నూనె? నా పుస్తకం మొక్కజొన్న నూనె అంది. ఆళ్లగడ్డ అంగళ్లలో అడిగితే నన్ను ఎగాదిగా చూశారు. నంద్యాల మిల్లుల తవుడు చవకే, నూనె కూడా ఉంటుంది. కానీ దాంట్లో పిండిపదార్థమూ తక్కువేం కాదు, పైగా ఊరికే ముక్కిపోతుంది. పత్తిగింజల నూనె మీద నాకే నమ్మకం లేదు. రేషన్ పామాయిల్ తరిగిన గడ్డిలో కలిపి పెడితే రాణి పైపెదవి ఎత్తి నా చొక్కా మీద తుమ్మింది. మౌలాలి భార్య నెయ్యి తెచ్చింది. దానికీ ముఖం తిప్పుకుంటే ఆమె చిన్నబుచ్చుకుంది. చివరికి గానుగ నుంచి అప్పుడే తీసిన బుడ్డల నూనె, అదే వేరుశనగ నూనె, కలిపి పెట్టాం. బొచ్చె అడుగుదాకా నాకింది. ఎంతైనా సీమ గుర్రం!

గరిటెడుతో మొదలుపెట్టి, లద్దె పలచబడకుండా చూసుకుంటూ, కొన్ని వారాల్లో పెద్ద గ్లాసుదాకా పెంచాం. నూనె పెరిగితే ఇ విటమిన్ అవసరమూ పెరుగుతుంది కాబట్టి ఆ బిళ్లలూ వేశాం. "మా కూరల్లో గూడా ఇంత నూనె ఉండదు సార్," అని మౌలాలి భార్య దెప్పేది. అహోబిలం రోడ్డు మీద రోజూ నడక. పెళ్లికొడుకు లేని పెళ్లి గుర్రాన్ని చూసి జీపుల్లోని భక్తులు తెగ నవ్వేవారు.

కార్తీకం వచ్చింది. మనసాగక నేనూ నంద్యాల వెళ్లాను. గుర్రం కదిలే ముందు పెళ్లికొడుకు అక్కచెల్లెళ్లు దానికి నానబెట్టిన శనగలు, బెల్లం తినిపించడం ఆ ఇంటి ఆనవాయితీ. ముగ్గురు అక్కచెల్లెళ్లు మూడు పళ్లేలతో వచ్చారు. వద్దంటే అపశకునం, పెట్టనిస్తే ఇన్నాళ్ల పథ్యం గంగపాలు. నేను ముందుకెళ్లి కండరాల జీవక్రియ గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. వాళ్లు నన్ను పక్కకు జరగమన్నారు.

మౌలాలి అడ్డమొచ్చాడు. "పెట్టొద్దు తల్లీ, దీనికి షుగరుండాది!"

పళ్లేలు ఆగిపోయాయి.

"ఏందప్పా, గుర్రానికి గూడానా?" అంది పెళ్లికొడుకు అవ్వ. అతను నన్ను చూపించాడు, డాక్టరు సారే చెప్పినాడన్నాడు. అందరూ నావైపు తిరిగారు. శాస్త్రప్రకారం అది శుద్ధ అబద్ధం. నేను గంభీరంగా తలూపాను.

"నాకూ ఉండాది. ఆ బాధ నాకు తెల్సులే," అని అవ్వ గుప్పెడు పచ్చగడ్డి తెప్పించి తన చేత్తోనే తినిపించింది.

ఊరేగింపు సగం దారిలో రాణి టక్కున ఆగింది. మౌలాలి పరుగున పోయి దాని తుంటి తడమబోయాడు. అది తోకెత్తి, తీరిగ్గా లద్దె వేసి, మళ్లీ నడిచింది. మండపం గడపదాకా ఎక్కడా ఆగలేదు. అంత సంతోషం నాకు ప్రమోషన్ వచ్చిననాడు కూడా కలగలేదు.

నూనెల విషయంలో ఆ ఉదంతం నాకు నేర్పింది తక్కువే: తాజాగా ఉండి, ఊళ్లో దొరికి, గుర్రం నాకి తినేదేదో అదే మంచి నూనె. పథ్యం గురించి మాత్రం గట్టిగా నేర్పింది. గుర్రం చేత పథ్యం పట్టించాలంటే ముందు దాన్ని ముద్దు చేసేవాళ్లను ఒప్పించాలి. ఆ తర్వాత నా సర్వీసులో ఇలాంటి గుర్రం ఎదురైనప్పుడల్లా జబ్బు అసలు పేరు రికార్డులో రాశాను, యజమానికి షుగరని చెప్పాను.