సద్ది సంచి

నాకు గళ్ళ కాగితమంటే చచ్చేంత ఇష్టం. లెక్కల టీచర్ని, మరి. పదో తరగతి ఫలితాలు రాగానే మా హెడ్మాస్టరు గారు పెద్ద రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టేవారు. మగపిల్లలు ఎందరు రాశారు, ఎందరు పాసయ్యారు, ఆడపిల్లలు ఎందరు, ఏ ఊరి నుంచి ఎందరు, ఏ సబ్జెక్టులో ఎందరు పోయారు, అన్నిటికీ వేరువేరు గళ్ళు. స్కేలు పెట్టి గీతలు గీసి, కింద ఎర్ర సిరాతో మొత్తాలు వేసి ఇచ్చేదాన్ని. ఆయన దాన్ని చంకన పెట్టుకుని మండలాఫీసుకు వెళ్ళేవారు.

తొంభైల మధ్యలో సంగతి ఇది. శామీర్‌పేట దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్ళో ప్రభుత్వ ఉన్నత పాఠశాల మాది. నేను కోస్తా మనిషిని. మా ఆయనకు జీడిమెట్లలో ఉద్యోగం కాబట్టి అల్వాల్లో కొత్తగా లేచిన ఒక కాలనీలో ఉండేవాళ్ళం. ఆ కాలనీలో అందరూ మా వైపు నుంచి వచ్చినవాళ్ళే. ఫలితాల రోజున గోడల మీది నుంచి పలకరింపులు మొదలయ్యేవి, మీ అమ్మాయికెంత, మా వాడికింత అని. నాలుగు మార్కులు తగ్గినవాళ్ళ ఇంట్లో ఆ పూట ఎవరూ అన్నం తినేవారు కాదు. నేనూ ఆ బాపతు మనిషినే. చదువంటే ఒక బల్ల, ఒక లైటు, ఒక ట్యూషను మాస్టరు, పాలగ్లాసు పట్టుకుని వెనకాల నిలబడే తల్లి అని గట్టిగా నమ్మేదాన్ని.

మొదటి ఏడాది రిజిస్టరు రాస్తుంటే ఒక గడి దగ్గర నా కలం ఆగిపోయింది. మా బడికి ఆరేడు ఊళ్ళ పిల్లలు వచ్చేవారు. వాటిలో కుంట అవతల ఉన్న చిన్న ఊరు ఒకటి. దానికి బస్సు లేదు. ఊరంతా చుట్టుపక్కల ద్రాక్ష తోటల్లో, వాళ్ళ మాటలో అంగూర్ తోటల్లో, పనిచేసేవాళ్ళే. ఆ ఊరి ఆడపిల్లలు రాసినవాళ్ళు రాసినట్టు పాసయ్యారు. అదే ఊరి మగపిల్లలు ముప్పాతిక మంది పోయారు. అవే ఇళ్ళు, అవే తోటలు, అదే నల్లబల్ల, అదే నేను. ఎక్కడో కూడిక తప్పి ఉంటుందని రెండుసార్లు మళ్ళీ వేశాను. తప్పలేదు.

హెడ్మాస్టరు గారిని అడిగితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"గండ్లేమున్నది మేడం. ఆడివిల్లలకు భయం ఉంటది, సదువుకుంటరు. మొగవిల్లలకు సైకిళ్ళుంటయి, తిరుగుతరు."

తెలియకుండానే ఆయన సగం జవాబు చెప్పేశారు. ఆ సంగతి నాకు మరో ఏడాదికి గాని అర్థం కాలేదు.

మరుసటి ఏడాది ఆ ఊరి నుంచి పదో తరగతిలో పదకొండు మంది ఆడపిల్లలు ఉండేవారు. చలికాలం వచ్చేసరికి అందరూ కలిసికట్టుగా ఆలస్యం. మొదటి పీరియడ్ సగమయ్యాక గుమ్మం దగ్గర ప్రత్యక్షమయ్యేవారు. ఎందుకని అడిగితే "అంగూర్ తోటకు వోయొచ్చినం టీచర్" అనేవారు. తెల్లవారకముందే వెళ్ళి గుత్తులు కోసి, గంపల్లో సర్ది, అప్పుడు ఇంటికెళ్ళి స్నానం చేసి వచ్చేవారట. అయితే ఏంటి, టైమంటే టైమే అని వరండాలో నిలబెట్టేదాన్ని. బయట నిలబడే కిటికీలోంచి నల్లబల్ల చూసి లెక్క ఎక్కించుకునేవారు. అది చూసి పౌరుషం అనుకున్నాను.

ఆ పదకొండు మందిలో ఎప్పుడూ అందరి వెనకాల వచ్చే పిల్లకు లెక్కలు బొత్తిగా రావు. పొట్టిగా, గట్టిగా ఉండేది. భుజాన ఎప్పుడూ ఒక పెద్ద గుడ్డ సంచి. అందులో అందరి సద్ది గిన్నెలూ ఉండేవి. మధ్యాహ్నం గంట కొట్టగానే సంచి విప్పి ఎవరి గిన్నె వాళ్ళకు పంచేది. అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కల్లో ఆమెకు తొమ్మిది మార్కులు వచ్చాయి. ఆ తొమ్మిదిలో కూడా రెండు నేను జాలిపడి వేసినవి.

పరీక్ష ఫీజు కట్టే రోజులు దగ్గర పడ్డాయి. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచారు. "ఈపాలి పర్సెంటేజీ పడిపోవద్దు మేడం. డౌటున్నోళ్ళ పేర్లు రాసియ్యున్రి. గీ ఏడు ఫీజు కట్టొద్దని చెప్దాం. ఒచ్చే ఏడు రాస్తరు తియ్."

మూడు పేర్లు రాసిచ్చాను. ఇద్దరు మగపిల్లలు, మూడోది ఆ సంచి పిల్ల. గుండ్రటి అక్షరాలతో రాశాను. ఆగిపోయిన పిల్ల వచ్చే ఏడు రాదని నాకు తెలుసు. పాసైతే కాలేజీకి పంపుతా, లేకుంటే తోటలకే అని వాళ్ళ నాయిన ముందే చెప్పాడని కూడా తెలుసు. అయినా రాశాను. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది కూడా. ఇన్నేళ్ళయ్యాక అబద్ధమాడి ఏం లాభం.

తర్వాత రెండు రోజులకు మా బస్సు దారిలో చెడిపోయింది. కుంట కట్ట మీది నుంచి పోతే బడికి అడ్డదారి ఉందని కండక్టరు చెబితే దిగి నడక మొదలుపెట్టాను. కట్ట మీది బాట ఒక మనిషికే సరిపోతుంది. ఇద్దరు పక్కపక్కన నడవడానికి లేదు. నాకు ముందు ఆ పదకొండు మందీ ఒకరి వెనక ఒకరు పోతున్నారు. చిట్టచివర సంచి పిల్ల. నేను వెనకాల వస్తున్నట్టు వాళ్ళు చూడలేదు.

ముందున్న పిల్ల పుస్తకం తెరిచి ఏదో అడిగింది. కుంట గాలికి ఆ మాట నాలుగో పిల్లకు కూడా వినిపించదు. అందుకని రెండో పిల్ల దాన్నే మూడో పిల్లకు చెప్పింది, మూడో పిల్ల నాలుగో పిల్లకు. అలా ప్రశ్న పది నోళ్ళు దాటి, "అంకశ్రేఢిలో ఎన్‌వ పదం ఎంత?" అని చివరికి వచ్చింది. సంచి పిల్ల కాసేపు ఆలోచించి జవాబు చెప్పింది. ఆ జవాబు మళ్ళీ ఒక్కొక్క నోరూ దాటుకుంటూ ముందుకు పోయింది. మధ్యలో ఒకమ్మాయి ఆగి, "ఎన్ గాదే, ఎన్‌లకెల్లి ఒకటి తీసెయ్యాలె" అంది. వరసంతా ఆగింది. జవాబు వెనక్కి వచ్చింది. సంచి పిల్ల దిద్దుకుని మళ్ళీ చెప్పింది. వరస కదిలింది.

ఒక్కో లెక్కను వాళ్ళు పది సార్లు అడుగుతున్నారు, పది సార్లు చెబుతున్నారు. రోజూ పోను గంట, రాను గంట. పక్క పొలం గట్టు మీది నుంచి అదే ఊరి మగపిల్లలు సైకిళ్ళ మీద జోరుగా పోయారు, ఎవరి మటుకు వాళ్ళు. నా రిజిస్టరులో గడి దగ్గర ఆగిన కలం గుర్తొచ్చింది.

దగ్గరకు వెళ్ళి పలకరిస్తే అందరూ బిగుసుకుపోయారు. సంచి ఎప్పుడూ ఆ పిల్లే ఎందుకు మోస్తుందని అడిగాను.

"తప్పు జెప్పినోళ్ళు మొయ్యాలె టీచర్," అంది ముందున్న అమ్మాయి. "మళ్ళ ఇంకొకలు తప్పు జెప్పెదాంక."

"బరువు కదా. ఆమె వెనకబడిపోదూ?"

ఆ అమ్మాయికి నా ప్రశ్నే అర్థం కాలేదు. "యెనకెట్ల వడతది టీచర్? సంచి ఎట్ల నడుస్తే మేం గట్లనే నడుస్తం."

నిజమే. అందరికంటే చురుకైన పిల్ల ముందుంది. కానీ ఆ వరస నడక ఆమెది కాదు, చివరి పిల్లది. నాకు బీయెస్సీలో గాని, బీయెడ్‌లో గాని ఎవరూ చెప్పని సంగతి ఇది. వరండాలో ఎవరిని నిలబెట్టానో అప్పుడు తెలిసి సిగ్గేసింది.

బడికి వెళ్ళగానే హెడ్మాస్టరు గారి దగ్గర ఆ కాగితం అడిగి తీసుకుని మూడు పేర్లూ కొట్టేశాను.

"ఫేలైతే?" అన్నారాయన.

"నా లెక్కలో రాసుకోండి సార్."

"మీ లెక్కల కాదు మేడం, నా రిజిస్టర్ల ఒస్తది," అన్నారు గాని, ఫీజు కట్టనిచ్చారు. మంచి మనిషే. మండలాఫీసంటే భయం, అంతే.

మార్చిలో శామీర్‌పేట సెంటర్లో రాశారు. ఫలితాల రోజు పేపరు మా బల్ల మీద పరిచి హాల్‌టికెట్ల జాబితా పక్కన పెట్టుకుని వెతికాను. ఆ కాగితంలోంచి నేను పేర్లు కొట్టేసిన ఇద్దరు మగపిల్లల్లో ఒకడు గట్టెక్కాడు. కుంట అవతలి ఆడపిల్లల నంబర్లు పది దొరికాయి. పదకొండోది లేదు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాను. లేదు. మార్కుల మెమోలు వచ్చాక తెలిసింది, అన్నీ పాసై ఒక్క లెక్కల్లోనే పోయింది. ఆరు మార్కులు తక్కువ.

ఆమెను వెంటబెట్టుకుని వాళ్ళ నాయిన వచ్చాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకుని, "ఇగ ఏం జెయ్యమంటరు టీచరమ్మా?" అని అడిగాడు.

నాకు ఆ ఇద్దరి మొహాల్లోకి చూసే ధైర్యం లేదు. ఓదార్పు అనుకుని ఒక మాట అన్నాను. "అందరికీ లెక్కలు రావాలని లేదండీ. సెప్టెంబరు పరీక్ష అని పిల్లను ఇబ్బంది పెట్టకండి. కుట్టు మిషను నేర్పించండి."

ఆ పిల్ల నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. "మీరే గట్లంటే ఇంకేమున్నది," అని ఆయన తలపాగా చుట్టుకుని పిల్లను తీసుకుని వెళ్ళిపోయాడు.

బళ్ళు తెరిచారు. వానలు మొదలయ్యాయి. జూలైలో ఒక ఉదయం బస్సు కిటికీలోంచి కుంట వైపు చూస్తే కట్ట మీద ఒక వరస పోతోంది. అలవాటుగా లెక్కపెట్టాను. పదకొండు. తొమ్మిదిలోనో ఎనిమిదిలోనో ఉన్న పిల్లలేమో అనుకున్నాను గాని, చివర ఆ గుడ్డ సంచి కనబడింది. బస్సు ఆపించి దిగి, బురదలో చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వాళ్ళకు ఎదురెళ్ళాను.

పాసైన పది మందిలో నలుగురు మేడ్చల్ కాలేజీలో చేరారు. వాళ్ళు మా బడి ఊళ్ళో బస్సెక్కాలి కాబట్టి ఆ నలుగురికి ఆ బాటలో పని ఉంది. మిగిలిన ఆరుగురికి అక్కడ ఏ పనీ లేదు. బడి గేటు దాకా వచ్చి, సంచి పిల్లతో పాటు వెనక్కి తిరిగి, నేరుగా తోట పనికి పోతున్నారు. వాన పడినా రోజూ ఇదే.

"మీ పరీక్షలైపోయాయి కదా, ఎందుకమ్మా ఇంత దూరం?" అన్నాను.

"దీనికి సెప్టెంబర్ల ఉన్నది గదా టీచర్. వాళ్ళ నాయినను మేమే ఒప్పిచ్చినం."

"ఇంటి దగ్గర కూర్చోబెట్టి చెప్పొచ్చుగా."

"ఇంట్ల గూసుంటే దీనికి యాదికుండది. నడిస్తెనే ఒస్తది." అదే అమ్మాయి మళ్ళీ అంది. "ఒక్కతే నడుస్తే ఎవలు అడుగుతరు, ఎవలు దిద్దుతరు టీచర్?"

మా కాలనీలో ఇన్ని ఇళ్ళున్నాయి, ఇన్ని ర్యాంకులున్నాయి, పాసైపోయిన పిల్ల పోయిన పిల్ల కోసం ఒక్క గడప దాటడం నేను చూడలేదు. ఇక్కడ పది మంది రోజూ కుంట దాటుతున్నారు. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. టీచర్ని కదా, పెట్టలేదు. ఆ రోజు నుంచి వారానికి రెండు రోజులు ముందు బస్సుకు వచ్చి కట్ట దగ్గర దిగి వాళ్ళతో నడిచాను. నేను చేసిందల్లా అంతే. నన్ను వాళ్ళు మధ్యలో పెట్టారు, వచ్చిన ప్రశ్నను వెనక్కి అందించే పని ఇచ్చారు.

సెప్టెంబరు పరీక్షలో ఆ పిల్ల పాసైంది. ముప్పై అయిదు కాదు, నలభై ఒకటి. ఆ మెమో చేత్తో పట్టుకుని రిజిస్టరు తెరిచాను. ఆ ఊరి గడిలో రాసినవారు పదకొండు, పాసైనవారు పది అని నా చేతిరాతే ఉంది. పదిని పదకొండు చేద్దామని ఎర్ర కలం తీస్తే హెడ్మాస్టరు గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"సెప్టెంబర్ పాసు గిండ్ల రాయరు మేడం. మార్చిదే లెక్క."

రూలంటే రూలే. ఆ గడిలో ఇప్పటికీ పదే ఉండి ఉంటుంది.

బయటికి వస్తే గేటు దగ్గర పదకొండు మందీ ఉన్నారు. ఆదివారం కలిసొచ్చినంత సంబరంగా ఉన్నారు. సంచి మాత్రం ఇంకా ఆ పిల్ల భుజానే ఉంది. నేను చెయ్యి చాచాను.

"ఇటివ్వమ్మా."

"మీకెందుకు టీచర్?"

"కుట్టు మిషను అన్నది నేనే కదా. తప్పు చెప్పినవాళ్ళు మోయాలి."

వద్దులే టీచర్ అంటుందేమో అనుకున్నాను. అనలేదు. ఒక్క క్షణం ఆలోచించింది. సంచి తీసి నా భుజాన వేసి, జారకుండా ముడి సర్ది, తను పోయి వరసలో ముందు నిలబడింది. నేను చివరికి వెళ్ళాను. కట్ట ఎక్కాం. నాకు ఆ బరువుతో నడక అలవాటు లేదు, చీర అడ్డం పడుతోంది, గిన్నెలు వీపుకు తగులుతున్నాయి. ముందున్న ఆ పిల్ల ఒకసారి వెనక్కి తిరిగి చూసి అడుగు తగ్గించింది. వరసంతా నా నడకకు దిగి వచ్చింది.