సారు తన మీద వేసుకున్న తప్పు

మన పత్రికకు ప్రతి వారం గళ్ళనుడికట్టు కూర్చే సారు మొన్న బుధవారం పోయారు. నాచారంలో వాళ్ళింట్లో, భోంచేసి కుర్చీలో వెనక్కి వాలిన కునుకులోనే. ఏడాదిగా ఆయాసంతో కూర్చునే నిద్రపోతున్న మనిషి. అంత తేలిగ్గా వెళ్ళారని వినగానే ఏడుపుకంటే ముందు హమ్మయ్య అనిపించింది.

సారు బడిలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. శుక్రవారం షేర్ ఆటోలో ఉప్పల్ ఆఫీసుకొచ్చి, పేజీలు పెట్టే నా చేతికి రెండు కాగితాలిచ్చేవారు. ఒకటి ఖాళీ గళ్ళది, ఇంకొకటి ఆ పై వారం వేయాల్సిన జవాబులది. టీలో ముంచిన బిస్కెట్ విరిగి పడిపోతే చెంచాతో ఓపిగ్గా వెతుక్కునేవారు. ప్రతి నుడికట్టులో రసవాదుల మాట ఒకటి ఉండాల్సిందే. పాదరసమో, లోహం కరిగించే మూసో, పరుసవేదో. ఇనుమును బంగారం చేస్తామని కొలిమి ముందు జీవితాలు గడిపేసిన వాళ్ళంటే ఆయనకు వల్లమాలిన ప్రేమ.

నేను చేరిన కొత్తలో ఒక వారం ఖాళీ గళ్ళ బదులు జవాబులు నింపిన గళ్ళే అచ్చయ్యాయి. ఆ రోజు ఫోన్లు ఆగలేదు. ఎవరు చేశారో వాళ్ళు రేపట్నుంచి రానక్కర్లేదని ఎడిటర్ గారు గట్టిగా అన్నారు. అక్కడే ఉన్న సారు, కాగితాలు తానే తారుమారుగా ఇచ్చానన్నారు. తర్వాత నేను మెట్ల దగ్గర ఏడుస్తుంటే వచ్చి నిలబడ్డారు.

“రసవాదులు ఒక్కసారన్న బంగారం జేసిన్రా బిడ్డా? గా తప్పులల్లకెల్లే మనకు కెమిస్ట్రీ వచ్చింది. జర సూసుకొని చెయ్యి, అంతే.”

నా ఉద్యోగం నిలబడింది. సారుకు మాత్రం, ఈ వారం కూడా జవాబులు ముందే ఇస్తున్నారా అని ఆటో స్టాండులో పాఠకులు మీరంతా చేసిన వేళాకోళం మిగిలింది. ఆయన నవ్వేవారు. నేను తలదించుకునేదాన్ని, నోరు విప్పేదాన్ని కాదు.

పరామర్శకు వెళ్ళినప్పుడు ఎడిటర్ గారు సారు భార్యతో, ఇన్నేళ్ళలో ఆయన చేసింది ఆ ఒక్క పొరపాటేనని ప్రేమగానే అన్నారు. ఇక ఆగలేకపోయాను.

“అది సారు తప్పు కాదు. నేను జేసిన” అన్నాను.

“ఎవలదో తప్పు మీదేసుకున్న అని ఇంట్ల చెప్పిండు బిడ్డా. పేరు మాత్రం ఎన్నడు చెప్పలె” అంటూ ఆమె నా చెయ్యి పట్టుకున్నారు.

ఇదంతా మన పత్రికలోనే రాయమన్నారు ఎడిటర్ గారు. రాశాను. ఇన్నేళ్ళ బరువు దిగింది.

సారు చివరగా ఇచ్చిన నుడికట్టు ఈ పక్కనే ఉంది. అడ్డం ఏడు, ఇనుమును తాకి బంగారం చేసే రాయి, అయిదు గళ్ళు. అచ్చుకు పంపేముందు మూడుసార్లు చూసుకున్నాను. గళ్ళన్నీ ఖాళీగానే ఉన్నాయి.