పల్చటి పప్పు, పెద్ద ముక్క

పొద్దున వరంగల్‌లో ప్యాసింజర్ ఎక్కి స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగే మా ముగ్గురు ఆడవాళ్లకు ఒక చట్టం ఉంది. బండి కాజీపేట దాటాక ఎవరి నోట తెలుగు మాట వస్తే వాళ్ల కూర గిన్నె మిగతా ఇద్దరిది. అన్నం మాత్రం వదిలేస్తారు. ఆ మాత్రం దయ ఉంది.

చట్టం చేసింది ఇంగ్లీషు మేడం. నాకంటే పదేళ్లు చిన్నది, ఘన్‌పూర్ అవతల ఇంకో బడిలో పనిచేస్తుంది. చేయించుకున్నది మాత్రం నేనే. ఇరవై ఏళ్లకు పైగా తెలుగులో లెక్కలు చెప్పినదాన్ని, నేను పనిచేసే సర్కారు బడి ఇంగ్లీషు మీడియం అయ్యేసరికి నా నోరు పడిపోయింది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. నేను రెండింటి మధ్య కుట్టు దగ్గరే ఉండిపోయాను. మూడో ఆమె ఘన్‌పూర్ దవాఖానలో నర్సు. ఆమెకు ఇంగ్లీషుతో పనిలేదు, కాలక్షేపానికి చేరింది. శుక్రవారం ఖీమా తెస్తుంది. ఆ రోజు మేం కావాలనే ఆమె అత్తగారి ఆరోగ్యం గురించి అడుగుతాం. అత్తగారి మీద కోపం ఇంగ్లీషులో చెప్పడం ఆమె వల్ల కాదు.

"అత్తమ్మ ముచ్చటకు గుడ ఇంగ్లీషేందక్కా? జర ఇన్సాఫ్ ఉండాలె!" అనేది గిన్నె మా వైపు తోస్తూ.

ఒకరోజు నా గోడు ఇంగ్లీషులో వెళ్లబోసుకున్నాను. "డిఫికల్ట్. వెరీ డిఫికల్ట్. వెరీ వెరీ డిఫికల్ట్" అన్నాను. మేడం చెయ్యెత్తి ఆపింది. కష్టం పెరుగుతోందని చెప్పాలంటే వెరీలు ఇటుకల్లా పేర్చకూడదట, మాటను జంటగా వాడాలట. హార్డర్ అండ్ హార్డర్. ఒకదానితో పాటు ఇంకొకటి పెరుగుతుంటే ద మోర్ అని ఇటొకటి, ద మోర్ అని అటొకటి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది వ్యాకరణం కాదు, అనులోమానుపాతం! ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గితే విలోమానుపాతం. ఇన్నాళ్లకు ఇంగ్లీషులో నాకు తెలిసినవాళ్లు కనిపించారు.

ఇక ఆగితే ఒట్టు. "ద మోర్ ఐ స్పీక్, ద మోర్ ఐ స్వెట్" అన్నాను. "ద ఓల్డర్ ద డాక్టర్, ద వర్స్ ద హ్యాండ్‌రైటింగ్" అంది నర్సమ్మ. పక్క సీట్ల వాళ్లు మమ్మల్ని చూసి జరిగి కూర్చునేవాళ్లు. నెల తిరిగేసరికి నా కూర నాకే మిగలడం మొదలైంది.

అదే నెలలో ఇంకొకటి కూడా జరిగింది, అది చెప్పడానికే నాకు సిగ్గు. మాది ఏడో తరగతి వరకు ఉన్న బడి. ఆరో తరగతిలో ఒక పిల్ల ఉంది. ముందటేడు, ఇంకా తెలుగులో చెప్పే రోజుల్లో, ఆ పిల్ల నేను బోర్డు మీద లెక్క రాయడం పూర్తి కాకముందే జవాబు చెప్పేది. ఒకసారి నేను హెచ్చవేతలో తప్పు చేస్తే, "టీచర్, ఏడు మర్శిపోయిన్రు" అని క్లాసంతా వినేలా అరిచింది. ఆ రోజు నాకు కోపం వచ్చింది, ఇంటికెళ్లాక గర్వం కూడా వచ్చింది. అలాంటి పిల్ల ఇప్పుడు నోరు విప్పడం లేదు. అర్థమైందా అంటే తలూపుతుంది. అర్థం కాలేదా అన్నా అలాగే ఊపుతుంది. నా ఇంగ్లీషు బాగుపడినకొద్దీ ఆ పిల్ల మాట తగ్గిపోయింది. రాను రాను రాజుగారి గుర్రం గాడిదైనట్టు, ఇన్నేళ్ల టీచర్ని నేను చురుకైన పిల్లను మొద్దును చేస్తున్నానేమోనని భయపడ్డాను.

అంతలో మా బడిలో నమూనా పాఠం చెప్పమన్నారు. చుట్టుపక్కల బడుల టీచర్లు, పైనుంచి ఒక సారూ వచ్చి వెనక కూర్చుంటారు. పాఠం భిన్నాలు. మేడం రైల్లోనే నాకొక వాక్యం తయారు చేసిచ్చింది: "ద బిగ్గర్ ద నంబర్ బిలో, ద స్మాలర్ ద షేర్." కింది అంకె పెద్దదైనకొద్దీ వాటా చిన్నది. వారం రోజులు పిల్లల చేత అదే వల్లె వేయించాను. ఆ పిల్ల పెదవులు కూడా కదిలాయి. నేను మురిసిపోయాను.

ఆ రోజు క్లాసు మొత్తం వాక్యాన్ని పైకప్పు ఎగిరేలా చెప్పింది. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. సార్ లేచి బోర్డు మీద నాలుగో వంతు, ఎనిమిదో వంతు రాసి, ముందు బెంచీలో ఉన్న ఆ పిల్లనే లేపి ఏది పెద్దదని ఇంగ్లీషులో అడిగారు.

"వన్ ఎయిత్, సార్."

క్లాసంతా వంతపాడింది. వన్ ఎయిత్! ఎనిమిది నాలుగు కంటే పెద్దది కదా మరి. నా చెవులు కాలిపోయాయి. వారమంతా నేను నేర్పింది పాట, లెక్క కాదు. బెల్లు కొట్టి నన్ను కాపాడారు. తిన్నాక చూద్దామన్నారు సార్.

మా బడి వంటామెకు ఒక పద్ధతి ఉంది. ఎంతమంది వచ్చినా పప్పు వండే గంజు ఒక్కటే. మంది పెరిగితే చెంబుతో నీళ్లు పోస్తుంది. ఆ రోజు ఇరవై మంది చుట్టాలు. నేను తల దించుకుని వరండాలో నడుస్తుంటే ఆ పిల్ల గొంతు వినిపించింది. ప్లేటు వంచి పప్పు అటూ ఇటూ పారిస్తూ పక్క పిల్లతో అంటోంది: "మందెక్కువైతే సల్ల పల్సన అంటది మా నాయినమ్మ. గిదేం పప్పే, శెర్వు నీళ్లు!"

ఎన్ని నెలలైందో ఆ గొంతు విని! అక్కడే గొంతుక్కూర్చున్నాను. "మళ్ల చెప్పు" అన్నాను. తిడతాననుకుని బిక్కచచ్చింది.

"తిట్టను బిడ్డా. నలుగురు పంచుకుంటే నీకు పప్పు ఎక్కువొస్తదా, ఎనిమిది మంది పంచుకుంటెనా?"

నా బుద్ధి మీద అనుమానం వచ్చినట్టు చూసింది. "నలుగురైతేనే గద టీచర్. గది గుడ అడుగుతరా?"

అని ఆగిపోయింది. తలుపులోంచి బోర్డు వైపు చూసింది. మళ్లీ నా వైపు చూసింది.

"గంతేనా టీచర్? ఇన్నొద్దుల సంది మీరు ఇంగ్లీషుల చెప్తాంది గిదేనా?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. గిదే బిడ్డా, అన్నాను.

మధ్యాహ్నం పాఠం నేను చెప్పలేదు. ఆ పిల్ల చెప్పింది. బోర్డు మీద గంజు గీసి, దాని చుట్టూ మనుషులను గీసి, పంచింది. నాలుగో వంతు పెద్దదని ఒప్పుకోని వాళ్లను చివాట్లు కూడా పెట్టింది. సార్ మళ్లీ ఇంగ్లీషులో ఎందుకని అడిగితే బోర్డు మీది గంజును చూపించి, "మోర్ పీపుల్, మోర్ వాటర్, సార్" అంది. ఆ పప్పే తిన్న సార్ పడీ పడీ నవ్వారు. తర్వాత నా రిజిస్టర్‌లో ఏదో రాశారు. నేను చూడలేదు.

తెల్లారి రైల్లో ఈ కథంతా చెప్పాను, తెలుగులోనే. ఇంగ్లీషులో చెబితే సగం చప్పబడిపోతుంది, అందుకే కూర పోతుందని తెలిసే చెప్పాను. మేడం కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్న చేత్తోనే నా గుత్తి వంకాయ గిన్నె లాక్కుంది. "ద లాంగర్ ద స్టోరీ, ద బిగ్గర్ అవర్ షేర్!" అంటూ నర్సమ్మ పెద్ద కాయ ఏరుకుంది.

బడిలో తినేటప్పుడు నా డబ్బాలో ఒట్టి అన్నమే ఉంది. ఆ రోజు పిల్లలకు గుడ్డు పెట్టే రోజు. ఆ పిల్ల నా ముందు నుంచి వెళ్తూ ఆగి డబ్బాలోకి తొంగి చూసింది.

"కూరేది టీచర్?"

"రైల్ల గుంజుకున్నరు బిడ్డా."

నా ఎదురుగా కూలబడి గుడ్డును రెండు ముక్కలు చేసింది. నాకెందుకు, మీ దోస్తులకు పెట్టుకో అన్నాను.

"వద్దు టీచర్. మందెక్కువైతే ముక్క చిన్నగైతది. మనం ఇద్దరమే తిందాం."

రెండు ముక్కలనూ పట్టి పట్టి చూసింది. సగం అంటే రెండూ సమానంగా ఉండాలని ఆ పిల్లకు నేనే నేర్పాను. అయినా పచ్చసొన ఎక్కువున్న ముక్కను నా అన్నం మీద పెట్టింది. లెక్క తప్పు. నేను దిద్దలేదు.