మునెప్ప కొండ మీది బుద్ధుడు, రెడ్డెమ్మ మొక్కు

పదహారేళ్లుగా తిరుపతిలో ఒక బడిలో పిల్లలకు బుద్ధుడి పాఠం చెబుతున్నాను. పెద్ద బుద్ధ విగ్రహాన్ని మాత్రం ఒక్కసారీ కళ్లారా చూడలేదు. మొన్న పరీక్ష పేపర్లు దిద్ది దిద్ది మెడ పట్టేసింది. ఇంట్లో ఉంటే బడివాళ్లు ఇంకో కట్ట తెచ్చి పడేస్తారని భయమేసి, పాకాల అవతల మునెప్ప కొండకు బయలుదేరాను. అక్కడ జనం మునెప్ప అనే ఊరి దేవుడిగా కొలిచే పెద్ద విగ్రహం నిజానికి బుద్ధుడిదని ఈమధ్యే తేలిందట.

పొద్దున్నే కాట్పాడి వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కితే పాకాలకు గంటకు పైనే పట్టింది. దారంతా తూగుతూనే ఉన్నాను. స్టేషన్ బయట ఇడ్లీ తిని, కొండ కిందిదాకా రెండొందలకు ఆటో మాట్లాడుకున్నాను. బుద్ధుణ్ని చూడాలంటే ఆటో నడిపే మస్తాన్ నవ్వాడు. "మా నాయన కాలం నుంచీ మునెప్పే సార్. బోర్డు పెట్టినాకనే బుద్ధుడైనాడు."

మెట్లు సగం ఎక్కేసరికే నా పని అయిపోయింది. అక్కడ ఒకామె కూర్చుని ఆయాసపడుతోంది, చంకలో కాళ్లు కట్టిన ఎర్ర కోడిపుంజు. పేరు రెడ్డెమ్మ. కూతురికి వేలూరులో గుండె ఆపరేషన్ జరిగింది. బిడ్డ బతికి ఇంటికొస్తే పుంజును కోస్తానని మునెప్పకు మొక్కుకుంది. కూతురు వచ్చి పది రోజులైంది. మొక్కు తీరేదాకా ఈమె కంటికి కునుకు లేదు. నేను బడి అయివారినని తెలిశాక నా పక్కనే నడిచింది.

పైన రాతి స్తంభాల పాత గుడి, కప్పు సగం కూలిపోయింది. లోపల నల్లరాతి బుద్ధుడు, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. నేను చెయ్యెత్తినా ఆయన గడ్డం అందలేదు. జనం పీఠం ఎక్కి నూనె పూసి పూసి ముక్కు అరిగింది, నుదుటన పసుపూ కుంకుమా ఉన్నాయి. గుమ్మం పక్కన కొత్త బోర్డు. ఇది బుద్ధ విగ్రహమనీ, ఇక్కడ జీవాలను బలి ఇవ్వకూడదనీ ఉంది. రెడ్డెమ్మకు చదువు రాదు. నేనే చదివి వినిపించాను. చదవకపోతేనే బాగుండేదని వెంటనే అనిపించింది.

"నువ్వు సదువుకున్నోడివి, సెప్పు సారూ. ఈయప్ప తినడా?"

"తినడక్కా. జీవాన్ని చంపొద్దన్నాడు."

"మా యమ్మ ఏటేటా కోసి పెట్టినాది. ఒక్కనాడన్నా వద్దన్నాడా?"

 ఆ దేవుణ్నే అడుగుతానంది రెడ్డెమ్మ. కోడి మీద నీళ్లు చల్లినప్పుడు అది ఒళ్లు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. సంచిలోంచి కత్తి తీసి పక్కన పెట్టి, నా నీళ్ల సీసా తీసుకుని, పుంజు కట్లు విప్పి, నీళ్లు చల్లింది. అది కదల్లేదు. మళ్లీ చల్లింది. నాకు కాళ్లు పీకుతున్నాయి.

"ఈయప్ప తీసుకోకుంటే నా బిడ్డకు ఏమన్నా అవుతాదేమో సారూ" అని ఏడ్చేసింది.

ఐదోసారి చల్లాక పుంజు కాళ్లు ముడుచుకుని బుద్ధుడి ముందు కూర్చుంది, కళ్లు మూసుకుంది. రెడ్డెమ్మ దాన్నీ ఆయన్నీ చాలాసేపు మార్చి మార్చి చూసింది. కత్తి సంచిలో పెట్టేసింది.

దిగేటప్పటికి నా అలసట తీరలేదు, పెరిగింది. పుస్తకంలో ఉన్నది ఆమెకు చెప్పగలిగాను గానీ ఆమె భయం తీయడం నావల్ల కాలేదు. సిగ్గేసింది. వెళ్లేవాళ్లు తలా రెండు సీసాల నీళ్లు మోసుకెళ్లండి, పైన చుక్క దొరకదు.

కింద మధ్యాహ్నం రెండు గంటల బస్సు కోసం కూర్చున్నప్పుడు రెడ్డెమ్మ కూతురికి ఫోన్ చేసింది. అవతల ఆ పిల్ల కంగారుగా ఏదో అడిగింది.

"వద్దన్నాడు పాపా" అంది రెడ్డెమ్మ, పుంజు వీపు నిమురుతూ. "నీకిచ్చినాడు గదా పానం. దీనికీ ఇచ్చినాడు."