నాన్న మంగలికత్తి

డెబ్బైలలో, తిరువూరులో నాకు టీచరు ఉద్యోగం వచ్చిన రెండో ఏడు, నాన్నకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆయనా మిషను బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషే. నడక మెల్లగా వచ్చింది గానీ చెయ్యి రాలేదు. చర్చికి రమ్మంటే తల అడ్డంగా ఊపేవాడు. మాసిన గడ్డంతో దేవుడి ముందు కూర్చోవడం ఆయన వల్ల కాదు. ఈస్టరు ఇంకో నెలలో ఉంది.

సెలూన్‌కి వెళ్దామనడానికి నాకు నోరు రాలేదు. విస్సన్నపేట అవతల మా సొంతూళ్లో ఊరి మంగలి ఊరి బయటి మా పేటవాళ్ల తల ముట్టుకునేవాడు కాదు. అందుకే ఇరవై ఏళ్ల వయసులో నాన్న ఎక్కణ్ణుంచో ఒక మంగలికత్తి సంపాదించి, తన గడ్డం తనే గీసుకోవడం నేర్చుకున్నాడు. అప్పట్నుంచి ప్రతి శనివారం సాయంత్రం అదే కత్తి. ఇంకొకడి చేతికి గడ్డం ఇవ్వనని ఒట్టేమీ పెట్టుకోలేదు, అయినా ఇవ్వలేదు. ఆ పట్టుదల చూసి చిన్నప్పుడు నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నేను గీస్తానన్నాను. నాకు తెలిసిందల్లా బ్లేడు బిగించుకునే రేజరు. అది తెచ్చి చూపిస్తే నాన్న ఎడమచేత్తో పక్కకి నెట్టి, గూట్లో ఉన్న కత్తి వైపు చూశాడు. నెలల తరబడి వాడక దానిమీద తుప్పు చారలు పడ్డాయి. సానరాయి మీద నూరితే బాగానే వచ్చింది. అసలే ఆరంభశూరుణ్ణి. ఆ ఊపులోనే, కిటికీ చువ్వకి వేలాడే, పదును సరిచేసుకునే తోలుపట్టీ మీద కూడా రాయి మీద నూరినట్టే కత్తి అంచు ముందుకి పెట్టి లాగాను. ముప్పై ఏళ్లుగా నాన్న వాడిన పట్టీ అడ్డంగా తెగింది. ఆయన చూశాడు, తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

తెగిన పట్టీ, కత్తీ సంచిలో వేసుకుని బస్టాండు దగ్గరి సెలూన్‌కి వెళ్లాను. అక్కడి పెద్దాయన గాటు చూడగానే నా పనితనమేంటో తెలిసిపోయినట్టు నవ్వాడు. రాయి మీద అంచు ముందు, తోలు మీద మొద్దుగా ఉండే వీపు ముందు అని చెప్పాడు. కొత్త కత్తి కొంటానంటే వద్దన్నాడు. నాన్న కత్తిని గోటి మీద ఆనించి చూసి, ఇలాంటి ఉక్కు ఇప్పుడు రావట్లేదన్నాడు. పట్టీ మాత్రం బెజవాడలో కొనమని, వంచితే ముడత నిలవని తోలు చూసుకోమని చెప్పాడు.

గడ్డం ఎవరికని అడిగాడు. మా ఊరు, మా పేట, నాన్న సొంతంగా ఎందుకు నేర్చుకోవాల్సి వచ్చిందో, అన్నీ కాస్త కటువుగానే చెప్పాను. ఆయన చేసిన తప్పు కాదు, నా కోపం అలాంటిది. ఆయన నాన్న కత్తిని మడిచి బల్ల మీద పెట్టాడు.

"మా నాన్న కూడా మీవాళ్లకి చేసేవాడు కాదండి," అన్నాడు.

తర్వాత మెడ చుట్టూ గుడ్డ కట్టుకుని, తన కుర్చీలో తనే కూర్చుని గడ్డం పైకెత్తాడు.

"నా మీద నేర్చుకోండి సార్."

కత్తి అందుకున్నాను. కత్తిని బాగా పడుకోబెట్టమని, రెండో చేత్తో చర్మం లాగి పట్టుకోమని కళ్లు మూసుకునే చెబుతున్నాడు. దవడ మలుపు దగ్గర తెగింది. పటిక నేనే అద్దాను. ఆ నెలలో ఆయన గడ్డం నాలుగుసార్లు గీశాను.

ఈస్టరు ముందురోజు సాయంత్రం బెజవాడ నుంచి తెచ్చిన కొత్త పట్టీ మీద కత్తి ఆడించాను, వీపు ముందు పెట్టి. నాన్న సబ్బు నురగ పూయనిచ్చాడు గానీ తల దించుకునే కూర్చున్నాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగాడు. బస్టాండు సెలూన్ పెద్దాయన దగ్గరని చెప్పాను, ఎలా నేర్పాడో కూడా చెప్పాను.

"ఆయనకి తెగిందా?" అన్నాడు ముద్దముద్దగా.

"తెగింది."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు నాన్నా. కానివ్వమన్నాడు."

నాన్న గడ్డం పైకెత్తి కళ్లు మూసుకున్నాడు.