ఏసప్ప టెక్నో రికార్డు

బీదర్ పక్కన కొల్హార్ కార్ఖానాలో రేకులు కొట్టే మిషను నడిపే ఏసప్పకు ఏ చప్పుడు విన్నా ఫోను తీసి రికార్డు చేసుకోవడం అలవాటు. ఆటో దగ్గినా, కుక్కర్ కూసినా చెయ్యి జేబులోకి పోతుంది. ఆ చప్పుళ్లకు బెంగళూరులో డీజేగా ఉన్న మేనకోడలు లీయా దరువు కలుపుతుంది. అలా ఇద్దరూ కలిసి అర్ధరాత్రి క్లబ్బుల కోసం ఒక టెక్నో డాన్సు పాటల రికార్డు చేశారు. ఏసప్ప మాత్రం తొమ్మిదికే ముసుగు తన్నే మనిషి.

ఆదివారం లీయా ఆ రికార్డు పట్టుకుని బీదర్ వచ్చింది. ఏసప్ప కళ్లతో వద్దంటున్నా, అతని భార్య సుజన లీయా ఫోనులో అందులోని పాట పెట్టేసింది. పాటలో మిషను దడదడల మధ్య సుజన గొంతు ఖంగుమంది: "లేస్తవా, నీళ్లు గుమ్మరియ్యాల్నా?" ఒకనాటి పొద్దున ఏసప్ప దొంగచాటుగా పట్టిన తిట్టు అది. అతను మెల్లగా గుమ్మం వైపు జరిగాడు.

"అత్తా, ఈ మాటొస్తే క్లబ్బంత ఎగుర్తాంది!" అంది లీయా.

సుజన రికార్డు అట్టను అటూ ఇటూ తిప్పింది. "మీ ఇద్దరి పేర్లే ఉన్నయి. నాదేది?"

"అచ్చయిపోయింది కదత్తా..."

"అయితే ఇంకోటి చెయ్యి. ఆ దినం నా గొంతు పట్టుకుండె, సక్కగ తిట్టలే."

మొగుడి ఫోను లాక్కుని, రికార్డు నొక్కి, అతణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, పెళ్లినాటి సంగతుల నుంచి తిట్లు మొదలుపెట్టింది.